ఒలీవల కొండ: అమ్మ మోకాళ్లు, ఒక్క పూట టైము. ఎట్ల చూపించాలె?

హన్మకొండ_బాలసముద్రం

అన్నలకు, అక్కలకు నమస్తే. మా అమ్మకు 68 ఏళ్లు. సర్కారు దవాఖానలో నర్సుగా చేసి రిటైరైంది. యెరూషలేము చూడాలె, అందులోనూ ఒలీవల కొండ మీద నిలబడాలె అని నాకు ఊహ తెలిసినప్పటి నుంచి చెప్తనే ఉంది. చిన్నప్పుడు తాతయ్య మెదక్ చర్చికి తీసుకుపోతే, బలిపీఠం వెనక రంగుటద్దాల కిటికీలో యేసుప్రభువు ఆకాశానికి ఆరోహణమయ్యే బొమ్మ చూసిందట. "శిష్యులు నిలబడి చూసిన కొండ ఒలీవల కొండ బిడ్డా" అని తాతయ్య చెప్పిండట. ఆ మాట అమ్మ మనసులో అట్లనే ఉండిపోయింది.

ఇప్పుడు హైదరాబాద్ నుంచి పోయే జోర్డాన్–ఇజ్రాయెల్–ఈజిప్ట్ టూర్‌లో ఇద్దరి పేర్లూ రాయించిన. నేనొక్కదాన్నే కూతుర్ని, ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు తీసుకపోత? కానీ టూర్ వాళ్లు ఇచ్చిన కాగితంలో ఒలీవల కొండ దగ్గర "వ్యూ పాయింట్, ఫొటో స్టాప్" అని మాత్రమే ఉంది. అడిగితే అరగంట అన్నారు. యెరూషలేములో ఒక పూట షాపింగ్‌కని ఖాళీ ఇస్తున్నరు. ఆ పూట మేమిద్దరం విడిగా కొండకు పోదామని ఉంది.

అమ్మకు రెండు మోకాళ్లూ అరిగినయి. చదునుగా ఉంటే కిలోమీటరు దాకా నడుస్తది, దిగుడంటేనే భయం. కొండ మీది నుంచి, ప్రభువు పట్టుబడే ముందు ప్రార్థన చేసిన గెత్సేమనే తోట దాకా నడిచి దిగొచ్చు అంటున్నరు, నిజమేనా? పొద్దున మంచిదా, సాయంత్రమా? అన్ని చర్చిలూ కుదరకపోతే ఏవి వదలొద్దు? వీడియోలు చాలా చూసిన. అందరూ గోడ ముందు నిలబడి మాట్లాడుతున్నరు గాని ఆ తొవ్వ ఎట్లుంటదో ఒక్కరూ చూపిస్తలేరు.

కాజీపేట_రిటైర్డ్_సార్

అమ్మా, వందనాలు. నేనూ మా ఇంటావిడా మన ఫాతిమానగర్ నుంచి కొందరితో కలిసి పోయొచ్చాం. నేను గమనించినవి చెప్తాను.

ముందుగా వేళలు. అక్కడి చర్చిలు చాలా వరకు మధ్యాహ్నం 12 ప్రాంతంలో మూసేసి, మళ్లీ రెండు, రెండున్నరకు తెరుస్తారు. పదకొండున్నరకు కొండ ఎక్కితే తాళాలే కనిపిస్తాయి. పరలోక ప్రార్థన చర్చి, అంటే పాటర్ నోస్టర్, ఆదివారం మూసి ఉంటుంది. బట్టలు భుజాలు, మోకాళ్లు కప్పేలా ఉండాలి. అమ్మ చీరకట్టుకు ఏ ఇబ్బందీ లేదు.

ఆ పాటర్ నోస్టర్ మాత్రం మనవాళ్లు తప్పక చూడాలి. ప్రభువు శిష్యులకు ప్రార్థన నేర్పిన చోటని నమ్ముతారు. నాలుగో శతాబ్దంలోనే కాన్‌స్టాంటైన్ చక్రవర్తి కాలంలో అక్కడ చర్చి కట్టారు. ఇప్పుడున్న మఠం 19వ శతాబ్దపుది. గోడల నిండా వందకు పైగా భాషల్లో పరలోక ప్రార్థనను పింగాణీ పలకల మీద రాసి పెట్టారు. మన తెలుగుదీ ఉంది. మా ఆవిడ ఆ పలక ముందు నిలబడి బడిపిల్లలా వేలు పెట్టి అక్షరం అక్షరం చదివింది. పక్కన ఏదో దేశపు ముసలమ్మ తన భాష పలక దగ్గర నిలబడి అదే ప్రార్థన చదువుకుంటోంది. ఇద్దరూ దాదాపు ఒకేసారి ఆమేన్ అన్నారు.

మెదక్ ప్రస్తావన తెచ్చావు కాబట్టి ఇంకో మాట. గెత్సేమనేలోని సకల జనముల చర్చి 1924 జూన్‌లో ప్రతిష్ఠ అయింది. మన మెదక్ చర్చి అదే 1924లో, డిసెంబరు 25న. ఒకే ఏడాదిలో లేచిన రెండు గుడులు. అమ్మకు అక్కడ కూర్చున్నప్పుడు ఈ సంగతి చెప్పు.

మరియమ్మ సమాధి చర్చి కింద గెత్సేమనే పక్కనే ఉంది కానీ, లోపలికి దాదాపు 50 మెట్లు దిగాలి, మళ్లీ అన్నీ ఎక్కాలి. మోకాళ్లు బాగాలేని వాళ్లకు అది వద్దు. కొండ వాలు గురించి నాకంటే అక్కడ ఉండేవాళ్లు బాగా చెప్తారు.

జగిత్యాల_అక్క

చెల్లే, నాది జగిత్యాల దగ్గర పల్లె. యెరూషలేములనే కేర్‌గివర్ పని చేస్తున్న. మా జగిత్యాల, నిజామాబాద్, కరీంనగర్ దిక్కు నుంచి ఈ పనికి వచ్చినోళ్లు ఇక్కడ మస్తుమంది ఉన్నం. నేను చూసుకునే ముసలవ్వ యూదులామె. ఆమె పెనిమిటి సమాధి ఆ ఒలీవల కొండ మీదనే ఉంది. గందుకే వీల్‌చైర్ తోసుకుంట ఆ కొండ మీద తిరిగిన దాన్ని. అమ్మ మోకాళ్ల సంగతి అడిగినవు, నాకు తెలిసినకాడికి రాస్త, జరంత పొడుగైనా సదువు.

కొండ పాత పట్నానికి తూర్పున ఉంటది. నడుమ కిద్రోను లోయ. కొండ కొన సముద్రమట్టానికి 800 మీటర్లు దాటి ఉంటది, అవతల పట్నంల యూదుల పాత గుడి ఉన్న స్థలం కన్న ఎత్తు. గందుకే పైన నిలబడితె చూపు గోడ దాటి పట్నం లోపటికి దిగుతది. పొద్దుగాల్నే పో. సూర్యుడు నీ వీపు వెనక ఉంటడు, ఎండ సీద పోయి గోడ మీద పడ్తది, ఒక్కొక్క రాయి లెక్క పెట్టొచ్చు అన్నట్టు కనిపిస్తది. సాయంత్రం పోతె ఎండ కండ్లల్ల కొడ్తది, గోడ నల్లగ నీడ తీర్గ కనిపిస్తది. సార్ చెప్పిన 12 గంటల తాళం సంగతి కూడ ఉంది గదా, ఎనిమిదిన్నరకల్ల పైన ఉండాలె.

ట్యాక్సీల సీద కొండ మీదికే పో. ఎక్కకముందే రేటన్న మాట్లాడుకో, మీటరన్న ఎయ్యమను. డమాస్కస్ గేటు దిక్కు నుంచి అరబ్బుల బస్సులు కూడ పోతయి, కొండ మీద అత్‌తూర్ అని వాళ్ల ఊరుంది. కాని అమ్మతోని బస్సు వద్దు.

ముందు ఆరోహణం చోటు చూపియ్యి, అమ్మ మెదక్ కిటికీల చూసింది గదే గదా. చిన్న కట్టడం, ఎనిమిది మూలలు. క్రూసేడర్లు, అంటె యూరప్ నుంచి యుద్ధానికి వచ్చిన క్రైస్తవ సైన్యాలోళ్లు కట్టిన్రు. 1187ల ముసల్మాన్ల సుల్తాను సలాదీను పట్నం గెలిచినంక అది ముసల్మాన్ల చేతికి పోయింది, ఇప్పటికీ వాళ్లదే. జరంత టికెట్టు ఉంటది. లోపట బొమ్మల్లేవు, బెంచీల్లేవు. నేల మీద రాతి చట్రం నడుమ ఒక బండ, ప్రభువు పాదం గుర్తని ముట్టుకుంటరు. ఏం లేదని కొందరు రెండు నిమిషాలల్ల బయటికొస్తరు. నాకైతె ఆ ఉత్త గది ముంగట ఏ పెద్ద చర్చీ ఆనది. అమ్మను తొందరపెట్టకు. అక్కడ్నుంచి పాటర్ నోస్టర్ దగ్గర్నే, నడిచే దూరమే.

తర్వాత సెవెన్ ఆర్చెస్ హోటల్ ముంగట వ్యూ పాయింట్. మీ టూరోళ్లు బస్సు ఆపేది గూడ గక్కడ్నే. ఒంటె ఉంటది, ఎక్కుమని ఎంబడి పడ్తరు. బ్యాగు ముందటికి ఏస్కో, జేబుదొంగలున్నరు.

ఇగ నువ్వడిగిన తొవ్వ. వ్యూ పాయింట్ పక్కపొంటి కిందికి బాట పోతది. మట్టల ఆదివారం నాడు బేత్పగే ఊరి నుంచి జనమంత ఖర్జూరపు మట్టలు పట్టుకొని పాటలు పాడుకుంట దిగేది గిదే బాటల. ఇరుకు బాట, రెండు దిక్కుల రాతి గోడలు, కొన్ని చోట్ల మస్తు వాలు. జనం తొక్కి తొక్కి రాయి నున్నగైంది, వాన పడ్డదంటె జారుతది. అప్పుడప్పుడు కార్లు కూడ వస్తయి, గోడకు ఆనుకొని నిలబడాలె. మంచి కాళ్లున్నోళ్లకు పావుగంట, ఇరవై నిమిషాల దిగుడు. వీల్‌చైర్‌ను నేను ఆ బాటల దింపలే, ఎవ్వరు అడిగినా దింప. కాని మీ అమ్మ నడుస్తది అంటున్నవు గదా, గందుకే ఒక ఉపాయం చెప్త. మొత్తం దిగకుండ్రి. పైనుంచి "ప్రభువు ఏడ్చిన చర్చి" దాక దిగుండ్రి. డొమినుస్ ఫ్లేవిట్ అని బోర్డు ఉంటది. చేతికి ఒకటి చొప్పున రెండు చేతి కర్రలు ఉండాలె. సీద దిగొద్దు, ఈ గోడ నుంచి ఆ గోడకు అడ్డం అడ్డంగ దిగాలె. మెట్టు వచ్చిన కాడ నొప్పి ఎక్కువున్న కాలు ముందట దించాలె, మంచి కాలు వెనక బరువు మోస్తది. నర్సమ్మ కాబట్టి ఆమెకు తెలిసే ఉంటది, అయినా తన దాకా వస్తె మర్చిపోతరు. నువ్వు వెనక కాదు, అమ్మకు ఒక అడుగు ముందట, పక్కకు నడువు.

బాటకు ఎడమ దిక్కంత యూదుల బొందలగడ్డ. దగ్గర దగ్గర మూడు వేల ఏండ్ల నుంచి ఇక్కడ పెడ్తున్నరు. కాళ్లు గుడి స్థలం దిక్కు ఉండేటట్టు పెడ్తరు, మెస్సీయ, అంటె దేవుడు పంపుతడని వాళ్లు ఎదురుచూసే రక్షకుడు వచ్చిన్నాడు లేచి సీద అటే నడవాలని. పూలు పెట్టరు, రాళ్లు పెడ్తరు. మా ముసలవ్వ అక్కడ నోరు ఇప్పది. కిందికి వేలు చూపిస్తది, నేను రాయి ఏరియ్యాలె. నచ్చకపోతె పక్కకేసి ఇంకోటి అడుగుతది, గుండ్రందే గావాలె ఆమెకు. బొటనవేలితోని మట్టి తుడిచి, బండ మీద ఉన్న పాత రాళ్ల పక్కన జరిపి పెడ్తది. ఆ రాళ్లు ఎవ్వరూ తియ్యరు. మనోళ్లు కొందరు ఆ సమాధుల మీద కూసొని ఫొటోలు దిగుతరు, నాకు పానం కొట్టుకుంటది. మీరు అట్ల చెయ్యరని తెలుసు, ఎంబడి వచ్చేటోళ్లకు కూడ చెప్పుండ్రి.

ప్రభువు ఏడ్చిన చర్చి చిన్నది. 1955ల కట్టిన్రు, ఇటలీ ఆయన బార్లూజ్జి గీసిన ప్లాను, కన్నీటి బొట్టు ఆకారం. పైన నాలుగు మూలల కన్నీళ్లు పట్టే సీసాలు చెక్కిన్రు. చర్చిలల్ల బలిపీఠం ఎక్కువ తూర్పుకుంటది, ఇక్కడ పడమటికి. ఎందుకంటె బలిపీఠం వెనక కిటికీల నుంచి పట్నం కనిపిస్తది. ఆయన ఏ పట్నాన్ని చూసి ఏడ్చిండో ఆ దిక్కే. బలిపీఠం ముంగట కోడి బొమ్మ ఉంటది, రంగురాళ్లతోని అద్దిన్రు, రెక్కల కింద పిల్లలు. అందరు కిటికీ ఫొటో తీసుకొని పోతరు, కోడిని సూడరు. అమ్మను ముందటి వరుసల కూసోబెట్టు. అక్కడి నుంచి కిటికీ, కోడి రెండూ ఒక్క చూపుల పడ్తయి. బయట తోటల గూడ కూసొనే చోటు ఉంది. ఒక అరగంట ఇయ్యి, మోకాళ్లకు గూడ రెస్టు.

కట్టేటప్పుడు తవ్వితె అక్కడ పాతకాలపు సమాధులు, ఎముకల పెట్టెలు బయటపడ్డయి, వాటిని గూడ అట్లనే ఉంచిన్రు, పక్కనే సూడొచ్చు.

అక్కడ్నుంచి కిందికి ఇంకా వాలు ఉంది. అమ్మకు ఓపిక ఉంటె మెల్లగ దిగుండ్రి, నొప్పి మొదలైతె మల్ల పైకి ఎక్కి ట్యాక్సీల చుట్టు తిరిగి గెత్సేమనే ముంగట దిగుండ్రి. ఎక్కుడు మోకాలికి అంత చెడుపు చెయ్యది, ఆయాసం వస్తది అంతే. దిగేటప్పుడు కుడి దిక్కు చెట్ల నడుమ బంగారు గుమ్మటాలు కనిపిస్తయి, రష్యావాళ్ల మగ్దలేనే మరియ చర్చి. వారంల కొన్ని రోజులే, అది గూడ కొన్ని గంటలే తెరుస్తరు. బయటనుంచి సూస్తె సాలు.

గెత్సేమనే తోటల ఎనిమిది ముసలి ఒలీవ చెట్లున్నయి. చుట్టు కంచె ఉంది, ముట్టనియ్యరు. మొదళ్లు ఇద్దరు ముగ్గురు చేతులు కలిపితె గాని అందనంత లావు, నడుమ బోలు, ఆ బోలు చెక్కల మీంచే పచ్చటి కొమ్మలు. ప్రభువు కాలం నాటి చెట్లే అని గైడ్లు చెప్తరు. శాస్త్రవేత్తలు మూడు చెట్లను పరీక్ష చేసి 2012ల చెప్పింది ఏందంటె, ఆ మొదళ్లు 12వ శతాబ్దం చుట్టుపట్ల నాటియని, అన్నీ ఒక్క చెట్టు కొమ్మల నుంచే పెంచినయని. అమ్మకు ఉన్నది ఉన్నట్టు చెప్పు. తొమ్మిది వందల ఏండ్లు అంటె మన ఓరుగల్లు కోట కన్న ముందటి చెట్లు, తక్కువేం గాదు.

పక్కన సకల జనముల చర్చి, ఇదీ బార్లూజ్జి ప్లానే. బయట ఎండల నుంచి లోపటికి అడుగు పెట్టంగనే కండ్లు కానరావు. కిటికీలకు ఊదారంగు పలుచటి రాయి బిగించిన్రు, లోపట ఎప్పుడూ రాత్రే. ప్రభువు ప్రార్థన చేసిన రాత్రి అట్లనే ఉండాలని. పైకప్పు నీలం, నక్షత్రాలు. గడప దాటంగనే అమ్మ చెయ్యి గట్టిగ పట్టుకొని ఒక నిమిషం నిలబడు, కండ్లు అలవాటైనంక నడువు. బలిపీఠం ముంగట బండ ఉంది, చుట్టు ముండ్ల కిరీటం తీర్గ ఇనుప కంచె. ఆ బండ మీద చెయ్యి పెట్టి ఏడ్చేటోళ్లను సూసిన, భాష తెలియకున్నా ఏం అడుగుతున్నరో సమజైతది. మోకాళ్ల మీద కూసోవద్దు అని అమ్మకు ముందే ఒట్టు పెట్టిచ్చుకో. నిలబడి చేసినా ప్రార్థనే.

ఇన్ని ఉన్నయి గాని నన్నడిగితె ఆరోహణం చోటు, ఏడ్చిన చర్చి, గెత్సేమనే, ఈ మూడు సాలు. తక్కినయి ఎన్ని వదిలినా ఏం గాదు.

ఖిలా_వరంగల్_శిథిలాలు

నేను క్రైస్తవుణ్ని కాదు, కోటగోడలంటే పిచ్చి. దుబాయ్‌ల పనిచేస్తున్నప్పుడు ఒక గ్రూపుతోని యెరూషలేము పోయిన. చెల్లెమ్మా, కొండ మీద నిలబడి గోడను చూసేటప్పుడు ఒక సంగతి మనసుల పెట్టుకోండి. యేసు కాలం గోడ అదే అని చాలామంది అనుకుంటరు. ఇప్పుడు కనిపించే పట్నం గోడ ఆటోమన్ సుల్తాను సులేమాన్ కట్టించింది, 1541 నాటికి పూర్తయింది. చుట్టూరా 4 కిలోమీటర్ల దాక ఉంటది. మన ఓరుగల్లు రాతికోటను గణపతిదేవుడు మొదలుపెడితే రుద్రమదేవి పూర్తి చేసింది, 13వ శతాబ్దం. అంటే మన రాతిగోడే దాదాపు మూడు వందల ఏండ్లు పాతది. మన రాతికోట కూడా అడ్డంగా కిలోమీటరు పైచిలుకు ఉంటది, చుట్టుకొలత తీస్తే రెండూ దగ్గరదగ్గరనే. ఖిలా వరంగల్ తెలిసినోళ్లకు అక్కడి కొలత కండ్లకు ఇట్టే ఆనుతది.

కాకపోతే గుడి స్థలాన్ని మోసే గోడ అడుగు వరుసల్లో యేసు పుట్టిన నాటి రాజు హేరోదు కాలం రాళ్లున్నయి. పెద్ద పెద్ద బండలు, అంచు చుట్టూ పలుచగా చెక్కి నడుమ ఎత్తుగా వదిలిన పనితనం. పైన చిన్న రాళ్లు, కింద పెద్ద రాళ్లు, ఆ తేడా పట్టుకుంటే ఒక్క గోడలోనే కాలాలు చదువుకోవచ్చు. తూర్పు గోడకు జంట కమానుల ద్వారం ఒకటి కనిపిస్తది, రాళ్లతో మూసేసి ఉంటది. అదే బంగారు ద్వారం. మెస్సీయ ఆ ద్వారం గుండానే వస్తడని యూదుల నమ్మకం. దాని ముందు ముసల్మాన్ల సమాధులు. ఎదురుగా వాలు మీద యూదుల సమాధులు, నడుమ లోయలో చర్చిలు. మూడు మతాలవాళ్లూ తమ చనిపోయినవాళ్లను, తమ ప్రార్థనలను ఒక్క లోయ చుట్టే పెట్టుకున్నరు. నేను చూసిన కోటల్లో ఇసుంటి చోటు ఇంకోటి లేదు.

గుడి స్థలం మీద మెరిసే బంగారు గుమ్మటం, ముసల్మాన్ల డోమ్ ఆఫ్ ద రాక్, 691, 692 నాటిది. ఆ లోయలోనే అబ్షాలోము స్తంభం అనే పాత సమాధి కట్టడం ఉంది, కింది భాగం బండను తొలిచింది, పైభాగం రాళ్లు పేర్చి కట్టింది, కొన గరాటు బోర్లించినట్టు ఉంటది. గెత్సేమనే దగ్గరి నుంచి కనిపించకపోతే కష్టపడి దిగకండి, ట్యాక్సీ అతనికి చెప్తే రోడ్డు మీంచి చూపిస్తడు.

హన్మకొండ_బాలసముద్రం

సార్, అక్కా, అన్నా, మీరు రాసినయన్నీ అమ్మకు చదివి వినిపించిన. నొప్పి కాలు ముందు దించాలన్న మాటకు "నిజమే, నేను పేషెంట్లకు చెప్పేదాన్ని" అన్నది. కోడి బొమ్మ గురించి మళ్లీ చదివించుకుంది. తెలుగు పలక దగ్గర తానే చదువుతదట, నన్ను ఫోన్ తీయొద్దంది.

మేము ఏడ్చిన చర్చి దాకా నడవాలనే అనుకున్నం, అక్కడి నుంచి అమ్మ ఎట్లంటే అట్ల. రెండే అడుగుత. ఖాళీ పూట ఏ వారం పడ్తదో టూర్ వాళ్లు ఇంకా చెప్పలేదు, శుక్ర శనివారాలైతే ఏమన్నా ఇబ్బందా? ఇంకోటి, అక్కడి పరిస్థితులు చూసి చుట్టాలు భయపెడ్తున్నరు. ఉన్నమాట చెప్పు అక్కా.

జగిత్యాల_అక్క

చెల్లే, సోమవారం నుంచి గురువారం దాక అయితె మంచిది. శుక్రవారం మధ్యాహ్నం నమాజుకు అల్‌అఖ్సా మసీదుకు జనం మస్తు వస్తరు, లయన్స్ గేటు అనే పట్నం ద్వారం దిక్కు రోడ్లన్ని నిండిపోతయి, పోలీసులు అడ్డం పెడ్తరు. గెత్సేమనే ఆ రోడ్డు మీదనే ఉంది. శనివారం యూదుల బస్సులు నడవయి, శుక్రవారం పొద్దూకక ముందే ఆగిపోతయి. అరబ్ ట్యాక్సీలు మాత్రం దొరుకుతయి. ఆదివారం పాటర్ నోస్టర్ బంద్, సార్ చెప్పిండు.

భయం సంగతి: ఇక్కడ ఒక్క నెల ఉన్నట్టు ఇంకో నెల ఉండది. సైరన్ మోగిన రోజులల్ల ముసలవ్వను పట్టుకొని షెల్టర్‌ల కూసున్నదాన్ని, ఏం గాదు రాండ్రి అని ఊకెనే చెప్ప. మన సర్కారు ప్రయాణానికి వద్దు అని సూచన ఇచ్చిందంటె టూరోళ్లు ఎంత నచ్చజెప్పినా రాకుండ్రి, తేదీ మార్చుమని అడుగుండ్రి. డబ్బులు వాపసు, తేదీ మార్పు సంగతి ఇప్పుడే కాగితం మీద రాయించుకో. సర్కారు పోవచ్చు అన్న నాడు మాత్రం చుట్టాల మాటలు పట్టుకొని ఆపకు.

శనివారం పడ్డదంటె నాకు సెలవు, ఇక్కడనే మెసేజ్ పెట్టు. నేను వస్త, అమ్మ రెండో చెయ్యి నేను పట్టుకుంట. కర్రలు ఇక్కడికొచ్చినంక కొనుడు వద్దు. హన్మకొండలనే కొని, రబ్బరు బుడిపెలు కొత్తయి ఏపియ్యి. పద్మాక్షి గుట్ట కిందిభాగంల వాలు మీద రోజూ పొద్దుగాల జరంతసేపు దిగుడు అలవాటు చేపియ్యి, నెల ముందు నుంచే.